పంపాను కదా!

ఒక సోమవారం ఉదయం మీటింగులో నేను మూడే మూడు ముక్కలు మాట్లాడాను: "సిస్టమ్ మెయిల్ పంపింది." అది అబద్ధం కాదు. లాగ్ తెరిచి అందరికీ స్క్రీన్ మీద చూపించాను కూడా. కానీ ఆ మూడు ముక్కల వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. నిజం చెప్పి ఒకరికి అన్యాయం చెయ్యడం ఎలా కుదురుతుందన్న ప్రశ్న అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

జరిగింది చెప్తాను. ఎవరు ఏ పని ఎప్పటికి చెయ్యాలో రాసుకోడానికి ఈ రోజుల్లో అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నట్టే మాకూ ఒక యాప్ ఉంది. మీ పేరు మీద ఎవరైనా పని వేస్తే, మిమ్మల్ని పేరు పెట్టి ఏదైనా అడిగితే, మీకు మెయిల్ వస్తుంది. ఆ యాప్‌ని మా సర్వర్ల మీదే నడుపుతాం. మెయిళ్ళు మాత్రం బయటి మెయిల్ సర్వీసు ఒకటి పంపిపెడుతుంది. ఆ రెంటినీ కలిపే కోడు రాసింది నేను.

టీములో ఒక టెస్టర్ ఉండేది. కాంట్రాక్టు మీద, ఆరు నెలలకి తీసుకున్నారు. నాలుగో నెలలో, ఒక గురువారం సాయంత్రం, రీఫండ్ కోడులో చేసిన చిన్న మార్పుని శుక్రవారం లోపల పరీక్షించమని ఆమె పేరు మీద పని వేశారు. వేసింది ఆమె రోజూ చూసుకునే బోర్డులో కాదు, వేరే టీము బోర్డులో. ఆమె పేరు పక్కన యాప్ ఆకుపచ్చ టిక్కు పెట్టింది. తెలియజేశాం అని దానర్థం. శుక్రవారం రాత్రి రిలీజ్ వెళ్ళిపోయింది. శని, ఆదివారాల్లో కొంతమంది కస్టమర్లకి ఒకే రీఫండ్ రెండుసార్లు వెళ్ళింది.

సోమవారం మీటింగులో ఆమె, "నాకు మెయిల్ రాలేదండి" అంది. మేనేజర్ నా వైపు చూశాడు. నేను లాగ్ తెరిచాను. ఆమె మెయిల్ ఐడీ, గురువారం సాయంత్రం టైము, పక్కన 202 అన్న అంకె. "సిస్టమ్ మెయిల్ పంపింది" అన్నాను. ఇంక ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా.

ఆర్నెల్లు పూర్తయ్యాక ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఇంకో నెలకి కొత్తగా చేరిన కుర్రాడొకడు నా డెస్కు దగ్గరికొచ్చి, "అన్నా, నాకు యాప్ నుంచి ఒక్క మెయిల్ కూడా రావట్లేదు, ఏమైనా సెట్టింగ్ ఉందా?" అని అడిగాడు. అప్పుడు తవ్వాను.

తవ్వితే తేలింది ఇది. కొత్తగా చేరేవాళ్ళకి యాప్‌లో అకౌంటు శుక్రవారం తెరుస్తున్నారు. ఆఫీసు మెయిల్‌బాక్స్ మాత్రం చేరే రోజు, అంటే సోమవారం తెరుస్తున్నారు. అకౌంటు తెరవగానే యాప్ స్వాగతం మెయిల్ పంపుతుంది. అప్పటికి మెయిల్‌బాక్స్ లేదు కాబట్టి, అలాంటి మనిషి ఇక్కడ లేడని మా మెయిల్ సర్వర్ దాన్ని తిప్పి కొడుతుంది. దీన్ని హార్డ్ బౌన్స్ అంటారు. ఒక అడ్రస్ నుంచి హార్డ్ బౌన్స్ వచ్చిందంటే మెయిల్ సర్వీసులు దాన్ని సప్రెషన్ లిస్టు అనే జాబితాలో పెట్టేస్తాయి. ఇకమీదట ఆ అడ్రస్‌కి ఎన్ని మెయిళ్ళు పంపమన్నా మర్యాదగా తీసుకుని, పంపకుండా పక్కన పడేస్తాయి. చెడ్డ ఉద్దేశంతో కాదు. లేని అడ్రసులకి పదే పదే పంపేవాళ్ళని ప్రపంచంలోని మెయిల్ సర్వర్లన్నీ స్పామర్లుగా చూస్తాయి కాబట్టి, ఆత్మరక్షణ కోసం.

అంటే ఆమె ఉద్యోగంలో చేరకముందే, శుక్రవారం నాడే, ఆమె అడ్రస్ చచ్చిపోయినవాళ్ళ జాబితాలో చేరిపోయింది. నాలుగు నెలల్లో ఆమెకి ఒక్క నోటిఫికేషన్ కూడా వెళ్ళలేదు. ఏ మెయిల్‌ని పక్కన పడేసిందో ఆ సర్వీసు మాకు చెప్పడానికి సిద్ధంగానే ఉంది. దానికొక దారి కూడా ఇచ్చింది. వినే ఏర్పాటు నేను చెయ్యలేదు. నేను రాసుకున్నది 202 ఒక్కటే.

*

ఈ అంకెల్లో కొంచెం నీతిశాస్త్రం ఉంది. ప్రోగ్రామర్లు కాని వాళ్ళకి కూడా అది ఆసక్తిగానే ఉంటుందని నా నమ్మకం.

ఈమెయిల్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి నేరుగా ఎగిరిపోదు. చేతులు మారుతూ వెళ్తుంది. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి మెయిల్ ఇచ్చి, అవతలి నుంచి 250 అన్న జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఈ సంభాషణకి నియమాలు 1982లో జాన్ పోస్టెల్ రాశాడు. 1989లో వచ్చిన ఇంకో పత్రం ఆ 250కి అర్థం ఏమిటో తేల్చి చెప్పింది: నువ్వు 250 అన్నావంటే ఆ మెయిల్ బాధ్యత నీ నెత్తికెత్తుకున్నట్టే. దాన్ని గమ్యానికి చేర్చాలి, లేదా ముందుకి పంపాలి. మిషను ఆగిపోయిందనో, డిస్కులో చోటు లేదనో పారేసుకోకూడదు. చేర్చలేకపోతే పంపినవాడికి ఆ సంగతి చెప్పాలి. అవతలివాడు పలక్కపోతే వెంటనే వదిలెయ్యకూడదు, కనీసం నాలుగైదు రోజులపాటు మళ్ళీ మళ్ళీ తలుపు కొట్టమని నియమం. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. పొడిపొడిగా ఉండే సాంకేతిక పత్రంలో బాధ్యత అన్న మాట, అదీ దాన్ని తేలిగ్గా తీసుకోవద్దన్న హెచ్చరికతో సహా.

202 అలాంటిది కాదు. అది వెబ్ సర్వర్లు ఇచ్చే జవాబు. "నీ విన్నపం తీసుకున్నాను, తర్వాత చూస్తాను, చేస్తానని మాత్రం మాట ఇవ్వను" అని దాని తాత్పర్యం. ఏ పూచీ పడకుండా ఉండటానికే దాన్ని అలా నిర్వచించారు. గవర్నమెంటు ఆఫీసులో దరఖాస్తు మీద కొట్టే ముద్ర లాంటిది. కాగితం అందింది, అంతే. పని అవుతుందని కాదు.

ఆ మీటింగులో నేను చేసింది 202ని 250లాగా చదవడం. అంతకన్నా పెద్ద తప్పు, 250ని "ఆమెకి తెలుసు"లాగా చదవడం. ఎందుకంటే 250 వచ్చినా అది సర్వర్ దాకానే. అక్కణ్ణుంచి స్పామ్ ఫోల్డరుకి పోవచ్చు, ఆఫీసు వాళ్ళు పెట్టుకున్న కాపలా సాఫ్ట్‌వేర్ క్వారంటైన్‌లో కూర్చోబెట్టొచ్చు, ఏ ఫిల్టరో ఎవరూ తెరవని ఫోల్డరులోకి తోసెయ్యొచ్చు. ఇంతా దాటి ఇన్‌బాక్సులో కనబడినా ఆవిడ ఆ రోజు సెలవులో ఉండొచ్చు. పంపడం, చేరడం, కనబడటం, చదవడం, అర్థం కావడం. ఇన్ని మెట్లున్నాయి. మొదటి మెట్టు మీద నిలబడి చివరి మెట్టు గురించి సాక్ష్యం చెప్పాను నేను.

తెలుగులో ఈ తేడా మాటల్లోనే ఉంది. చెప్పడం వేరు, తెలపడం వేరు. చెప్పడానికి నోరుంటే చాలు. తెలపడమంటే అవతలివాడికి తెలిసేలా చెయ్యడం. వాడికి తెలియకపోతే నువ్వు తెలపనట్టే లెక్క. పంపడానికీ అందించడానికీ మధ్య ఉన్నదీ ఇదే తేడా. అందకుండా అందించడం కుదరదు. కానీ ఆఫీసు భాష ఈ తేడాని ఎప్పుడో తినేసింది. "ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని నోటీసు బోర్డు మీద కాగితం అంటించి వెళ్ళిపోతారు. ఎవరికి తెలిసింది? కాగితానికి తెలిసింది. మా యాప్‌లోని ఆకుపచ్చ టిక్కు ఆ నోటీసు బోర్డుకి మనవడే.

జె.ఎల్. ఆస్టిన్ అనే ఇంగ్లీషు తత్వవేత్త మాటలతో మనం పనులు ఎలా చేస్తామో వివరిస్తూ 1955లో కొన్ని ఉపన్యాసాలు ఇచ్చాడు, 1962లో అవి పుస్తకంగా వచ్చాయి. అందులో ఆయన ఒక చిన్న మెలిక పెడతాడు: ఎవరినైనా హెచ్చరించానని నువ్వు అనాలంటే, వాళ్ళు నీ మాట విని ఉండాలి, దాన్ని హెచ్చరికగా తీసుకుని ఉండాలి. లేకపోతే నువ్వు హెచ్చరించడానికి ప్రయత్నించావు, అంతవరకే. ఆ లెక్కన మా టెస్టర్‌కి పని అప్పగించడం అనే ఘటన అసలు జరగనే లేదు. జరగని అప్పగింతకి ఆమె జవాబు చెప్పాల్సొచ్చింది.

*

పాతకాలంలో మనవాళ్ళు దీన్ని మనకన్నా బాగా అర్థం చేసుకున్నారేమో అనిపిస్తుంది. కబురు చెప్పడానికి వాళ్ళకి ఒకటి కాదు, చాలా పద్ధతులు ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో పూచీ.

ఒకటి, చాటింపు. టముకు వేసుకుంటూ వీధి వీధీ తిరిగి, పన్ను కట్టాలనో, చెరువు గట్టు పనికి రావాలనో చెప్పడం. అందరూ విన్నారా అని చూడాల్సిన పని చాటేవాడికి లేదు. తిరిగాడా లేదా అన్నదే లెక్క. రెండోది, కార్డు ముక్క. పెళ్ళి కబురైతే నాలుగు మూలలా పసుపు రాసి పోస్టులో వేసేవాళ్ళు. పసుపు చూడగానే చదవకముందే సంగతి తెలిసేది. చేరిందో లేదో మాత్రం పోస్టుమేన్ దయ. మూడోది, ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలవడం. కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మం ఎక్కి, మనిషి కళ్ళలోకి చూసి, నుదుట బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలి" అని చెప్పడం. అక్కడ కబురు అందడం, అందినట్టు తెలియడం రెండూ ఒకే క్షణంలో జరిగిపోతాయి. అందుకే దగ్గరి చుట్టానికి కార్డు పంపి ఊరుకుంటే అలుగుతారు. "పంపాను కదా వదినా" అంటే చెల్లదు.

మనం ఇప్పుడు "నీకు ప్రత్యేకంగా బొట్టు పెట్టి చెప్పాలా?" అని వెటకారంగా అంటాం. నిజానికి అది మంచి ప్రశ్న. ఏ కబురుకి చాటింపు చాలు, దేనికి కార్డు కావాలి, దేనికి బొట్టు పెట్టి చెప్పాలి? క్యాంటీన్ టైమింగులు మారాయంటే చాటింపు చాలు. వచ్చే వారం మీటింగంటే కార్డు చాలు. రేపటి లోపల నువ్వు ఈ పని చెయ్యకపోతే జనం డబ్బులు అటూ ఇటూ అవుతాయి, నీ ఉద్యోగానికీ ముప్పే అంటే, అది బొట్టు పెట్టి చెప్పాల్సిన కబురు. మేము దాన్ని చాటింపు వేసి, బొట్టు పెట్టినట్టు రికార్డు రాసుకున్నాం.

చట్టం కూడా ఈ చిక్కులో చాలాకాలం నలిగింది. 1817లో ఇంగ్లండులో లిండ్సెల్ అనే ఉన్ని వ్యాపారులు ఆడమ్స్ అనే కొనుగోలుదారులకి ఉత్తరం రాశారు. ఫలానా ధరకి ఉన్ని ఇస్తాం, తిరుగు టపాలో జవాబివ్వండి అని. బ్రోమ్స్‌గ్రోవ్ ఊరు ఉన్నది వూస్టర్‌షైర్‌లో. వీళ్ళు అడ్రసులో లెస్టర్‌షైర్ అని రాశారు. ఉత్తరం తిరిగి తిరిగి ఆలస్యంగా చేరింది. ఆడమ్స్ వాళ్ళు అందిన రోజే ఒప్పుకుంటూ జవాబు రాశారు. అది చేరేలోపు, మౌనంగా ఉన్నారంటే వద్దనుకున్నట్టే అనుకుని లిండ్సెల్ ఉన్నిని వేరేవాళ్ళకి అమ్మేశారు. 1818లో కోర్టు ఆడమ్స్ పక్షాన తీర్పిచ్చింది. టపా మీద నడిచే ఒప్పందాల గురించిన సూత్రంగా ఈ కేసుని లా కాలేజీల్లో చెప్తారు. నాకు మాత్రం అందులో వేరేది కనబడుతుంది. అడ్రసు తప్పు రాసింది ఒకరు, ఆలస్యం వల్ల వచ్చిన నష్టం ఎవరు భరించాలి? తప్పు రాసినవాళ్ళే. కబురు కోసం ఎదురుచూడటం కూడా తెలియని అవతలివాళ్ళు కాదు.

మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం, 27వ సెక్షను, రిజిస్టర్డ్ పోస్టుని సరైన అడ్రసుకి డబ్బు కట్టి పంపితే అది చేరినట్టే భావించమంటుంది. అయితే చేరలేదని అవతలివాళ్ళు రుజువు చేసుకునే తలుపు తెరిచే ఉంచింది. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం, నువ్వు చెప్పిన కంప్యూటర్లోకి సందేశం అడుగుపెట్టగానే నీకు అందినట్టే. అక్కడ స్పామ్ ఫోల్డరుకి మినహాయింపేమీ కనబడదు. కానీ అదే చట్టంలో, దానికి ముందు సెక్షనులో ఒక అందమైన నియమం ఉంది: అందినట్టు జవాబొస్తేనే ఈ సందేశం చెల్లుతుందని పంపినవాడు ముందే షరతు పెట్టి ఉంటే, జవాబు రానంతవరకూ దాన్ని అసలు పంపనే లేదని భావించాలి. పంపనే లేదు! బొట్టు పెట్టి చెప్పడానికి చట్టం భాషలో ఇంతకన్నా దగ్గరి అనువాదం నాకు దొరకలేదు.

*

ఇక్కడ నాతో నేనే వాదించుకోవాలి. ఎందుకంటే ఈ దారిలో చివరిదాకా వెళ్తే పిచ్చెక్కుతుంది.

కంప్యూటర్ సైన్సులో ఇద్దరు సేనానుల సమస్య అని ఒకటుంది. ఆ పేరు పెట్టింది జిమ్ గ్రే, 1978లో. రెండు కొండల మీద రెండు దండ్లు, మధ్య లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తేనే గెలుస్తారు. కబురు లోయ మీదుగానే వెళ్ళాలి, దారిలో వార్తాహరుడు పట్టుబడొచ్చు. మొదటివాడు "తెల్లవారుజామున" అని కబురు పంపుతాడు. అది చేరిందో లేదో తెలియదు, జవాబు కావాలి. రెండోవాడు జవాబు పంపుతాడు. ఆ జవాబు చేరిందో లేదో వాడికి తెలియదు, దానికీ ఇంకో జవాబు కావాలి. ఇలా ఎన్నిసార్లు పంపుకున్నా, ఆఖరి కబురు చేరిందన్న నమ్మకం ఎప్పటికీ కుదరదు. ఇది తెలివితక్కువతనం కాదు, గణితం. కబురు పోయే అవకాశం ఉన్న దారిలో పూర్తి నిశ్చయం అసాధ్యమని నిరూపించారు.

కాబట్టి "అందిందని పూర్తిగా తేలేదాకా పంపినవాడిదే పూచీ" అని నేననలేను. ఎవరూ మొయ్యలేని బరువది. పైగా అందుకునేవాడికీ ఒక ధర్మం ఉంది. రోజుకోసారి తన పేరు మీద ఏముందో చూసుకోవడం పెద్ద పనేం కాదు. మా టెస్టర్ ఆ రెండో బోర్డు చూడాల్సింది కాదా అని మేనేజర్ అడిగితే, చూస్తే బాగుండేదనే నేనూ అంటాను.

అందుకునేవాడికి తలుపు వేసుకునే హక్కు కూడా ఉంది. 1978 మే 3న ఒక కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి అప్పటి ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. మొట్టమొదటి స్పామ్‌గా దాన్నే చెప్పుకుంటారు. స్పామ్ ఫిల్టర్లు, సంతకాలు, తనిఖీలు అన్నీ అలాంటి చాటింపుల నుంచి ఇంటిని కాపాడుకోడానికి కట్టుకున్న గోడలే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూలు పెద్దయెత్తున మెయిళ్ళు పంపేవాళ్ళు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు గుర్తింపులూ చూపించాల్సిందేనన్నాయి. నా పేరుతో మెయిల్ పంపే అధికారం ఏ సర్వర్లకి ఉందో చెప్పేది మొదటిది. ఇది నా దగ్గర్నుంచే వచ్చింది, దారిలో ఎవరూ మార్చలేదని సంతకం పెట్టేది రెండోది. ఆ రెండూ సరిపోలకపోతే ఏం చెయ్యాలో చెప్పేది మూడోది. ఇవి సరిగా లేని కంపెనీల నోటిఫికేషన్లు వెళ్ళి చెత్తబుట్టలో పడితే, తప్పు తలుపు వేసుకున్నవాడిది కాదు.

ఇంకో వైపు, చదివారో లేదో చూసుకునే ఏర్పాటు పెడితే అది కాపలాగా మారిపోతుంది. నీలం టిక్కుల వల్ల ఎన్ని కాపురాల్లో గొడవలొచ్చాయో మనకి తెలుసు. ఆఫీసులో అది ఇంకా ప్రమాదం.

అయితే ఏం చెయ్యాలి? నాకు తోచింది ఇది. చేరిందో లేదో తెలుసుకోవడం మన చేతుల్లో పూర్తిగా లేదు. చేరిందో లేదో తెలియనప్పుడు ఏమనుకోవాలన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. జవాబు రాకపోతే ఆ మౌనాన్ని ఎలా చదవాలి?

మనకొక సామెత ఉంది: మౌనం అర్ధాంగీకారం. పెళ్ళిచూపుల్లో అమ్మాయి తలొంచుకుంటే ఒప్పుకున్నట్టు రాసుకున్న కాలం నుంచి వస్తోంది. ఆ అమ్మాయి ఒప్పుకుందో, భయపడిందో, అసలు ఏమడిగారో వినబడలేదో ఎవరూ కనుక్కోలేదు. మౌనాన్ని బలమున్నవాడు తనకి అనువుగా చదువుకున్నాడు. ఆఫీసుల్లో ఇదే సామెత ఇంకో రూపంలో నడుస్తుంది: మౌనం నిర్లక్ష్యం. జవాబివ్వలేదంటే పట్టించుకోలేదన్నమాట.

మెషీన్ల సామెత వేరు. వాటికి మౌనమంటే టైమవుట్. జవాబు రాలేదంటే బహుశా చేరలేదు, మళ్ళీ అడుగు. కాసేపాగి ఇంకోసారి అడుగు. అప్పటికీ రాకపోతే ఈ దారి పనిచెయ్యట్లేదని పంపినవాడికి చెప్పు. అవతలివాడి గుణం గురించి తీర్పులు ఇవ్వకు. మనుషుల కోసం మనుషులు రాసిన ఈ నియమంలో, మనం ఒకరితో ఒకరం చూపించని ఓపిక ఉంది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మేము కూడా కొందరి మౌనాన్ని టైమవుట్‌గానే చదువుతాం. అంతకు ముందు సంవత్సరం మా వైస్ ప్రెసిడెంటుకి ఒక అప్రూవల్ మెయిల్ చేరలేదు. ఆయన "నాకు రాలేదే" అన్నాడు. ఎవరూ ఆయనకి లాగ్ చూపించలేదు. ముగ్గురం సాయంత్రం దాకా కూర్చుని స్పామ్ క్వారంటైన్ తవ్వి ఆ మెయిల్ని బయటికి తీశాం. ఆయన రాలేదంటే సిస్టమ్‌ని విచారించాం. ఆమె రాలేదంటే ఆమెని విచారించాం. మాట ఒకటే. మనిషి హోదా మారింది. నాకు అన్నిటికన్నా సిగ్గేసింది ఇక్కడే. సప్రెషన్ లిస్టుది సాంకేతిక తప్పు, అది ఎవరికైనా జరుగుతుంది. కానీ "రాలేదు" అన్న మాటని నమ్మడానికి ఎంత జీతం కావాలో మా అందరికీ ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఏ లాగ్‌లోనూ ఉండదు.

ఈ మెయిళ్ళలో చాలావరకు చదవడానికి పంపేవి కావన్నది కూడా నిజమే. రేపు చూపించుకోడానికి పంపేవి. "సీసీలో పెట్టాను కదా" అన్న మాట ఎప్పుడు వాడతామో ఆలోచించండి. పని సజావుగా నడిచినప్పుడు ఎవరూ ఆ మాట అనరు. ఏదో తగలబడినప్పుడు అంటారు. అంటే ఆ మెయిల్ కబురు కాదు, రసీదు. అవతలివాడికి తెలియడం కోసం కాకుండా, తెలియకపోతే నేరం వాడిది అవడం కోసం పంపినది. అలాంటి వంద మెయిళ్ళ మధ్య నిజంగా తెలియాల్సిన ఒక్కటీ మునిగిపోతుంది. ఆ తర్వాత, చూసుకోలేదని మళ్ళీ వాడినే అంటాం.

*

తర్వాత నేను చేసినవి చిన్న పనులు. యాప్ అకౌంటు కన్నా ముందు మెయిల్‌బాక్స్ తెరిచేలా వరస మార్పించాను. మెయిల్ సర్వీసు చెప్పే బౌన్సులు, పక్కన పడేసిన మెయిళ్ళ సమాచారం వినే కోడు రాశాను. ఎవరిదైనా అడ్రస్ ఆ జాబితాలో పడితే, వాళ్ళు యాప్ తెరవగానే పైన పసుపు పట్టీలో "మీకు మెయిళ్ళు అందట్లేదు" అని కనబడుతుంది. పోయిన దారిలోనే చెప్తే లాభం లేదు కాబట్టి వేరే దారిలో చెప్పడం. ఆకుపచ్చ టిక్కు తీసేశాను. దాని స్థానంలో "పంపాం" అని బూడిదరంగులో రాసి ఉంటుంది. అవతలివాళ్ళు "చూశాను" అని నొక్కితేనే టిక్కు. ఇరవై నాలుగు గంటల్లోపు చెయ్యాల్సిన పని ఏదైనా సరే, టిక్కు పడకపోతే వేసినవాడికే గుర్తుచేస్తుంది: ఫోన్ చెయ్యండి. చెయ్యాల్సినవాడికి కాదు, చెప్పాల్సినవాడికి. మేనేజర్ ఇది చూసి, "చిన్నపిల్లలకి చెప్పినట్టు అందరికీ బొట్టు పెట్టి చెప్పాలా?" అన్నాడు. "రీఫండ్లకి మాత్రం చెబుదాం" అన్నాను.

ఆమెకి ఫోన్ చెయ్యడానికి మాత్రం రెండు రోజులు తాత్సారం చేశాను. మెసేజ్ పెడదామనుకుని రాసి, చెరిపి, మళ్ళీ రాసి, ఈ వ్యాసంలో ఉన్న కారణం వల్లే ఆఖరికి నంబరు కొట్టాను. జరిగింది మొత్తం చెప్పాను. ఆమె వేరే చోట చేరిందట, జీతం కొంచెం తక్కువ. నేను చెప్పిందంతా విని, "మొదటి నుంచీ రాలేదండి. కాంట్రాక్టు వాళ్ళకి పంపరేమో అనుకున్నాను" అంది.

నాలుగు నెలలు! ఆమె మౌనాన్ని మేము నిర్లక్ష్యమనుకున్నాం. సిస్టమ్ మౌనాన్ని ఆమె తన స్థాయి అనుకుంది. ఇద్దరిలో ఎవరికీ అది పాడైపోయిన తీగ అని తోచలేదు.

ఇంకో మాట కూడా అంది. "ఆ రోజు మీరు లాగ్ చూపించాక నాకే అనుమానం వచ్చిందండి, నేనే ఎక్కడో డిలీట్ చేసుకున్నానేమోనని. రెండు రోజులు ట్రాష్ అంతా వెతుక్కున్నాను." నేను క్షమించమన్నాను. "పర్లేదండి" అంది. ఆ పర్లేదుని ఎలా చదవాలో నాకు ఇప్పటికీ తెలియదు. అంగీకారమనుకునే ధైర్యం మాత్రం చెయ్యను.

తప్పు ఆమెది కాదని ఆమెని పంపిన ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పమని మేనేజర్ని అడిగాను. వారం తర్వాత ఆయన రెండు లైన్ల మెయిల్ పంపి, నన్ను సీసీలో పెట్టాడు. మర్నాడు పొద్దున ఏజెన్సీకి ఫోన్ చేసి అందిందా అని అడిగాను. అందిందన్నారు. చదివారా, ఆమె ఫైల్లో పెట్టారా అని అడిగాను. లైన్లో ఉండమన్నారు.